యూరపు రాజవంశములు: హాబ్స్‌బర్గు వంశపు ఆడుబిడ్డలు

ఈ శీర్షిక క్రింద మేము యూరపు ఖండమునందలి రాజవంశముల చరిత్రమును సోదరీమణులకు నివేదించుచున్నాము. ఈ మాసమున ఆస్ట్రియా దేశము నేలిన హాబ్స్‌బర్గు వంశమును గ్రహించితిమి. ఇంగ్లండు రాజుల కథ మన పాఠశాలలలో చిరకాలము చెప్పబడినది కావున అది మనకు పరిచితము. హాబ్స్‌బర్గుల పేరు మన యిండ్లలో అంతగా వినబడదు. అయినను ఆరువందల సంవత్సరములకు పైగా ఆస్ట్రియాను పాలించి, ఒకప్పుడు స్పెయిను మొదలుకొని హంగేరీ వఱకును, సముద్రముల కావల అమెరికా ఖండమునందును అధికారము నెఱపిన వంశ మిది.

దీనిని గూర్చి వ్రాయుటకు మఱియొక కారణము కలదు. తక్కిన రాజవంశముల చరిత్రము మిక్కిలిగా యుద్ధరంగములలో జరిగినది. ఈ వంశపు చరిత్రములో అధికభాగము పెండ్లిపందిళ్ల క్రింద జరిగినది. ఎవరి పిల్ల నెవరి కీయవలెను, మగబిడ్డ లేనియెడల ఆస్తి యెవరికి చెందవలెను, దగ్గఱి సంబంధము మేలా, దూరపు సంబంధము మేలా యని మన యిండ్లలో పెద్దలు కూర్చుండి తర్కించు విషయములే అచ్చట రాజ్యములను నిలిపినవి, కూల్చినవి. కావున రాజుల పట్టికను వల్లించుటకంటె ఆ వంశపు ఆడుబిడ్డల వెంట నడచి చూచినచో కథ బాగుగా తెలియును.

డేగకోట

నేటి స్విట్జర్లండు దేశమున ఆర్‌గౌ అను మండలములో నొక కొండపై పదునొకండవ శతాబ్దమున కట్టిన చిన్న కోట యొకటి ఇప్పటికిని నిలిచియున్నది. దాని పేరే హాబ్స్‌బర్గు. జర్మను భాషలో డేగకోట యని దాని కర్థము చెప్పుదురు. ఆ కోటకు ప్రభువైన రుడాల్ఫు 1273లో జర్మను దేశమునకు రాజుగా ఎన్నుకొనబడెను. ఆ దేశమున తండ్రి పిమ్మట కొడుకు రాజగుట నియమము కాదు. పెద్ద ప్రభువులును మతాధికారులును కూడి రాజు నెన్నుకొనుచుండిరి. ఇతడు తమ మాట మీఱునంతటి బలవంతుడు కాడని తలచియే వారు రుడాల్ఫు నెన్నుకొనిరట. అతడు 1278లో బొహీమియా రాజగు ఒట్టొకారును జయించి, 1282లో ఆస్ట్రియా దేశమును తన కుమారుల కిచ్చెను. నాటినుండి 1918 వఱకును ఆ దేశము వారి చేతినుండి జాఱలేదు.

తరువాతి రెండువందల యేండ్ల కథను మేము విడిచిపెట్టుచున్నాము. అవి అన్నదమ్ముల పంపకములతోడను, ఇరుగుపొరుగు ప్రభువులతోడి కలహములతోడను గడచినవి. వంశము నిజముగా పెద్దదైనది 1477లో, ఒక పెండ్లితో.

బర్గండీ కన్య

బర్గండీ ప్రభువైన చార్లెసు ఆ సంవత్సరము జనవరిలో యుద్ధమున మడిసెను. అతనికి మగబిడ్డలు లేరు. ఒక్క కుమార్తె మేరీ. ఆమెకు ఇరువది యేండ్లు నిండవచ్చుచుండెను. నేటి బెల్జియము, హాలెండు దేశములలోని సంపన్న నగరము లనేకము ఆమె సొత్తు. తండ్రి పోయిన వెంటనే ఫ్రాన్సు రాజు ఆమె భూములపై బడెను. ఆమె ఆలసింపక, తండ్రి యుద్దేశించిన సంబంధమునే నిశ్చయించుకొని, హాబ్స్‌బర్గు యువకుడగు మాక్సిమిలియనును ఆగస్టు మాసమున వివాహమాడెను. అయిదేండ్లు గడచినవి. బిడ్డలను కని, గుఱ్ఱముపై నుండి పడిన దెబ్బచే మేరీ 1482లో మరణించెను. ఆమె భూములు మాత్రము భర్త వంశమున నిలిచిపోయినవి. యుద్ధము లేకయే పెండ్లిండ్లతో రాజ్యములు గడించుకొను వంశమని హాబ్స్‌బర్గులకు పేరు వచ్చుట కిదియే మొదలు.

మేరీ కుమార్తె మార్గరెట్టు. సోదరీమణు లీమె కథను గమనింపవలెను. మూడేండ్ల పసిబిడ్డగా నుండగనే ఫ్రాన్సు యువరాజునకు వధువుగా నిర్ణయించి, ఆమెను ఆ దేశమునకు పంపివైచిరి. అచ్చట ఆమె కాబోవు రాణిగా పదేండ్లు పెరిగెను. అంతలో ఆ వరుడు 1491లో మఱియొక రాజ్యమునకు వారసురాలైన కన్యను పెండ్లాడెను. మార్గరెట్టును 1493లో తిరిగి పుట్టింటికి పంపిరి. పిమ్మట 1497లో స్పెయిను యువరాజున కిచ్చిరి. ఆరు నెలలలో అతడు మరణించెను. ఆమె కడుపున బడిన శిశువును దక్కలేదు. 1501లో సవాయి ప్రభువునకు మూడవసారి ఇచ్చిరి. అతడును 1504లో పోయెను. ఇరువదినాలుగేండ్ల వయస్సున ఆమె రెండుసారులు విధవ యయ్యెను.

మఱల నింగ్లండు రాజున కిత్తుమని తండ్రి కబురంపగా ఆమె యొప్పుకొనలేదు. అంతట తండ్రి 1507లో ఆమెను తల్లి భూములకు పాలకురాలిగా నియమించెను. ఆమె మెహెలెను నగరమున నగరు కట్టించి, తల్లిదండ్రుల నీడ లేని అన్న బిడ్డలను తన యొడిలో బెట్టుకొని పెంచెను. ఆ బిడ్డలలో నొకడే తరువాత సగము యూరపు నేలిన అయిదవ చార్లెసు. 1529లో ఫ్రాన్సు రాజునకును ఈ చార్లెసునకును నడుమ యుద్ధము తెగక సాగుచుండగా, ఒక ప్రక్క మార్గరెట్టును, మఱియొక ప్రక్క ఫ్రాన్సు రాజు తల్లి లూయీజును కాంబ్రే నగరమున కూర్చుండి సంధి కుదిర్చిరి. దానికి స్త్రీల సంధి యనియే చరిత్రమున పేరు. మూడు మాఱులు సంతలో సరకువలె చేతులు మాఱిన స్త్రీ, తన యిష్టమునకు విడువబడిన పిమ్మట ఎంత పని చేయగలిగెనో చూడుడు.

ఆమె వదినె హువానా కథ యిందుకు విపరీతము. హువానా స్పెయిను రాజదంపతుల కుమార్తె. 1496లో మార్గరెట్టు అన్నయగు ఫిలిప్పును పెండ్లాడెను. తల్లి పోవుటచే 1504లో కాస్టీలు రాజ్యమునకు రాణి యయ్యెను. రెండేండ్లలో భర్త మరణించెను. ఆమెకు మతి చలించినదని చెప్పి, 1509లో తండ్రి ఆమెను తోర్దెసీలియాసు అను ఊర నొక నగరులో నిర్బంధించెను. తండ్రి తరువాత కొడుకగు చార్లెసును ఆమెను విడువలేదు. నలువదియాఱేండ్లు ఆ గోడల నడుమనే యుండి 1555లో ఆమె కన్నుమూసెను. ఆమె వ్యాధి యెంతవఱకు నిజము, రాజ్యలోభముచే నింటి మగవా రెంతవఱకు పెంచి చెప్పిరి అని చరిత్రకారులు నేటికిని తర్కించుచున్నారు. పేరునకు ఆమెయే రాణి. శాసనములలో ఆమె పేరు కొడుకు పేరుతోపాటు వ్రాయబడుచునే యుండెను.

మేనరికముల ఫలము

చార్లెసు 1516లో స్పెయినునకు రాజును, 1519లో జర్మనుల చక్రవర్తియు నయ్యెను. ఇంత రాజ్యము నొక్కడు మోయజాలక 1555, 1556 సంవత్సరములలో అధికారమును త్యజించి, ఒక మఠము ప్రక్కన కట్టించుకొన్న యింట 1558లో మరణించెను. స్పెయిను అతని కొడుకు రెండవ ఫిలిప్పునకు, ఆస్ట్రియా తమ్ముడు ఫెర్డినాండునకు వచ్చినవి. ఇట్లు వంశము రెండు శాఖలైనది. విడిపోయిన శాఖలు మఱల ఒకదాని కొకటి దూరము కాకుండవలెననియు, ఆడుబిడ్డతోపాటు రాజ్యము పరుల పాలు కాకుండవలెననియు ఇరుప్రక్కల పెద్దలును తలచి, తమలో తామే పిల్లల నిచ్చిపుచ్చుకొన నారంభించిరి.

రెండవ ఫిలిప్పు 1570లో తన సోదరి కూతురగు ఆన్నాను పెండ్లాడెను. అతని మనుమడు నాల్గవ ఫిలిప్పు 1649లో తన సోదరి కూతురగు మరియానాను పెండ్లాడెను. ఆమె మొదట అతని కొడుకునకు నిర్ణయింపబడిన పిల్ల. కొడుకు మరణింపగా, నలువదినాలుగేండ్ల తండ్రియే పదునాలుగేండ్ల మేనకోడలిని చేపట్టెను. క్రైస్తవధర్మమున మేనమామకు మేనకోడలి నిచ్చుట నిషిద్ధము. అయినను పోపు గారి ప్రత్యేకానుమతిని తెచ్చుకొని వీరు పెండ్లిండ్లు నడపుచుండిరి.

ఈ దంపతుల కుమార్తె మార్గరీతా. స్పెయిను చిత్రకారుడు వెలాస్కెసు 1656లో వ్రాసిన పెద్ద పటమొకటి మాద్రిదులోని ప్రాదో చిత్రశాలలో నున్నది. దాని నడుమ చెలికత్తెల మధ్య పసుపుపచ్చని కురులతో నిలుచున్న అయిదేండ్ల బాలిక యీమెయే. ఆమె యెట్లు పెరుగుచున్నదో కాబోవు వరునకు తెలియుటకై ఆమె పటములను స్పెయిను నుండి వియన్నాకు పంపుచుండెడివారు. ఆ వరు డెవరనగా ఆమె తల్లికి తమ్ముడగు లియొపోల్డు చక్రవర్తి. అనగా అచ్చముగా అక్కకూతురితోడి పెండ్లి. పెండ్లియైన పిమ్మటను ఆమె అతనిని మామా యనియే పిలుచుచుండెనట. పదునైదేండ్లకు కాపురమునకు పోయి, నలుగురు బిడ్డలను కని, ఇరువదియొకటవ యేట 1673లో ఆమె మరణించెను. బిడ్డలలో ఒక్కతె మాత్రమే బ్రదికినది.

ఆమె తమ్ముడు రెండవ చార్లెసు 1661లో పుట్టి, నాలుగేండ్లు నిండకముందే రాజయ్యెను. నాల్గవ యేటగాని మాటలు రాలేదనియు, ఎనిమిదవ యేటగాని నడక రాలేదనియు వ్రాసియున్నారు. క్రింది దవుడ మిక్కిలి ముందునకు వచ్చియుండుటచే అన్నము నమలలేకుండెను. ఇరువురు భార్యలను వివాహమాడినను సంతానము కలుగలేదు. బిడ్డలు లేరన్న నింద మొదటి భార్యపై బడెను. ఫ్రాన్సు నుండి వచ్చిన ఆ చిన్నది పదేండ్లు ఆ మాటలు పడి 1689లో మరణించెను. తప్పు రాజు శరీరమున నుండగా నింద రాణి తలపై బడుట చదివినప్పుడు, సోదరీమణులకు ఎన్ని యిండ్ల కథలు జ్ఞప్తికి వచ్చునో మేము చెప్ప నక్కఱలేదు. 1700లో రాజు మరణింపగా స్పెయిను శాఖ అంతరించెను. ఆ సింహాసనము కొఱకు యూరపంతయు 1701 నుండి 1714 వఱకు యుద్ధము చేసెను.

దీనికి మేనరికములే కారణమా? ఈ ప్రశ్నను స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి 1‌6 తరముల వంశవృక్షమును శోధించి, 2009లో ప్రకటించిరి. తల్లి నుండియు తండ్రి నుండియు బిడ్డకు ఒకే పూర్వికుని జన్యువు రెండు మాఱులు సంక్రమించు అవకాశము నొక సంఖ్యగా చెప్పవచ్చును. మేనమామ మేనకోడండ్ర బిడ్డకు అది సామాన్యముగా 0.125. అన్నకును చెల్లెలికిని పుట్టిన బిడ్డకైనచో 0.25. రెండవ చార్లెసునకు అది 0.254. అతని తల్లిదండ్రులు మేనమామ మేనకోడండ్రే యైనను, తరతరముల దగ్గఱి సంబంధములు పేరుకొని, సంఖ్య తోబుట్టువుల బిడ్డ కుండవలసినదానిని మించినది. 1527 నుండి 1661 వఱకు ఆ స్పెయిను శాఖలో పుట్టిన 34 మంది బిడ్డలలో 10 మంది యేడాది నిండకమునుపే పోయిరి. 17 మంది పదేండ్లు దాటలేదు. నాటి స్పెయిను పల్లెలలోని రైతుల పిల్లలు వారికంటె మెఱుగుగా బ్రదికిరి. దాదులు, వైద్యులు, పట్టుపాన్పులు ఉన్న నగరులో సగము మంది పిల్లలు దక్కకపోవుట యాలోచింపదగిన విషయము.

మేనరికము మన తెలుగునాట చిరకాలముగా నున్న యాచారము. ఎఱిగిన యిల్లు, పిల్ల కంటి యెదుట నుండును, ఆస్తి బయటికి పోదు అని మన పెద్దలు చెప్పుచుండిన కారణములు హాబ్స్‌బర్గులు చెప్పినవియే. ఒక తరమున నొక మేనరికము జరిగినంత మాత్రమున ఆ యింట చార్లెసు పుట్టునని మేము భయపెట్టము. మేనరికపు బిడ్డలలో ననేకులు ఆరోగ్యవంతులై యున్నారు. కాని బిడ్డకు పుట్టుకతో వచ్చు తీవ్రవ్యాధుల భయము సామాన్యముగా నూటికి రెండు మూడు వంతులైనచో, మేనత్త మేనమామ బిడ్డల వివాహమున నది సుమారు రెట్టింపగునని వైద్యులు చెప్పుదురు. ఒకే యింట తరము వెంట తరము అట్లే చేసినచో భయము కూడుచుండును. ఇంట నిదివఱకే చెవుడు, మూగతనము, రక్తదోషము వంటి పుట్టువ్యాధులున్నచో, తాంబూలములకు ముందే వైద్యుని సంప్రదించుట పిల్లకు మనము చేయు మేలు. పెండ్లియైన తర్వాత కోడలిని నిందించుటకంటె ముందుగా నొక వైద్యుని నడుగుట సులభము.

కూతురి హక్కు

స్పెయిను శాఖ యట్లు పోగా, ఆస్ట్రియా శాఖయు మగసంతతి లేని చిక్కున బడెను. ఆఱవ చార్లెసు చక్రవర్తి 1713లో నొక శాసనము చేసెను. తన రాజ్యము ముక్కలు కాక యొక్కటిగనే యుండవలెననియు, తనకు మగబిడ్డ లేనిచో ఆడుబిడ్డకే చెందవలెననియు దాని సారాంశము. అప్పటి కతనికి బిడ్డలే లేరు. 1716లో కలిగిన కొడుకు ఆ యేడే పోయెను. 1717 మే 13వ తేదీన మరియా తెరీసా పుట్టెను. తరువాత పుట్టినవారును ఆడుపిల్లలే.

నాటినుండి చక్రవర్తి తన జీవితమంతయు ఈ శాసనమునకు పరరాజుల సమ్మతి సంపాదించుటలో గడపెను. ఒక్కొక్క సంతకమునకు ఒక్కొక్క మూల్యము చెల్లించెను. ఈ మూల్యములలో నొకటి మన దేశమునకు సంబంధించినది. 1722లో ఆయన అనుమతితో ఆస్టెండు కంపెనీ యను వర్తకసంఘము స్థాపింపబడి, చెన్నపట్టణమునకు దక్షిణముననున్న కోవలమునందును, వంగదేశమునందును వ్యాపారస్థలములు నెలకొల్పి లాభము గడించుచుండెను. ఇంగ్లీషువారికిని డచ్చివారికిని అది కంటగింపయ్యెను. తన కూతురి హక్కును ఇంగ్లండు అంగీకరించుటకై, చక్రవర్తి 1727లో ఆ కంపెనీని నిలుపుజేసి, 1731 నాటి సంధితో దానిని శాశ్వతముగా వదలుకొనెను. మన తీరమున ఆస్ట్రియావారి వర్తకము వేరూనకపోవుటకు ఒక ఆడుపిల్ల వారసత్వము కారణమయ్యెనని యెంతమంది యెఱుగుదురు?

ఇంత చేసిన తండ్రి ఒక్క పని చేయలేదు. ఆ కూతురికి రాజ్యవ్యవహారము నేర్పలేదు. భాషలు, మతబోధ, సంగీతము, నృత్యము చెప్పించెను. మంత్రాలోచనసభలో ఆమెను కూర్చుండబెట్టి, కోశమెంత, సైన్యమెంత, మంత్రులలో నెవరు నమ్మదగినవారు అని తెలుపలేదు. ఎప్పటికైనను కొడుకు పుట్టకపోడా యను ఆశయే యిందుకు మూలమని చెప్పుదురు. 1740 అక్టోబరు 20వ తేదీన ఆయన మరణించునప్పటికి మరియా తెరీసాకు ఇరువదిమూడేండ్లు. నాల్గవ బిడ్డ కడుపున నుండెను. బొక్కసము వట్టిపోయెను. తుర్కులతోడి యుద్ధమున ఓడిన సైన్యము చెదరియుండెను. మంత్రులు వృద్ధులు.

డిసెంబరు మాసము గడవకమునుపే ప్రష్యా రాజగు రెండవ ఫ్రెడరికు సైలీసియా మండలముపై దండెత్తెను. అతని తండ్రియు ఆ శాసనమున కొప్పుకొన్నవాడే. బవేరియా, ఫ్రాన్సు, సాక్సనీలును తమతమ మాటలు దాటి ఆమెపై గూడిరి. ఇరువదియేడేండ్లు శ్రమపడి కూర్చిన సంతకములు మూడు నెలలు నిలువలేదు.

ఆమె లొంగలేదు. 1741 మార్చిలో కొడుకు జోసెఫు పుట్టెను. జూను 25వ తేదీన ఆమె ప్రెస్‌బర్గు నగరమున హంగేరీకి పట్టాభిషిక్తురాలయ్యెను. ఆ దేశపు ఆచారమున ఆమె రాణియని గాక రాజనియే పిలువబడెను. అభిషేకానంతరము గుఱ్ఱమెక్కి మిట్టపైకి పోయి నలుదిక్కులకును కత్తి చూపుట రాజు విధి. ఆమె అంతకుముందు స్వారి నేర్చుకొని ఆ విధిని నిర్వర్తించెను. సెప్టెంబరులో ఆ దేశపు ప్రభువుల సభలో నిలిచి, తనకు వారే దిక్కని లాటిను భాషలో చెప్పెను. ప్రభువులు ప్రాణములొడ్డి నిలిచెదమని పలికిరి. ఆమె శిశువు నెత్తుకొని సభలో నిలిచినట్లు పటములు కలవు. నిజమునకు బాలుని ప్రెస్‌బర్గునకు తెచ్చినది కొలదిదినముల పిమ్మటనే. పటము లేకున్నను ఆమె ధైర్యమునకు కొఱత లేదు. 1748లో సంధి జరుగునప్పటికి సైలీసియా పోయినది. తక్కిన రాజ్యములో అధికభాగము ఆమెకు దక్కినది.

తల్లియు పాలకురాలును

1737 నుండి 1756 వఱకు ఆమె పదునాఱుగురు బిడ్డలను కనెను. అందు పదునొకండుగురు ఆడువారు. యుద్ధములు, పురుళ్లు, మంత్రాలోచనలు ఒక్కటిగా సాగినవి. తనకు విద్య లేక పడిన యగచాట్లను ఆమె మఱవలేదు. ప్రభువులును మతాధికారులును పన్ను చెల్లింపవలెనని కట్టుదిట్టము చేసెను. 1774 డిసెంబరు 6వ తేదీన, ఆఱు మొదలు పండ్రెండేండ్ల వఱకు మగపిల్లలును ఆడుపిల్లలును బడికి పోవలెనని శాసించెను. బళ్లును, ఉపాధ్యాయులును చాలక అది వెంటనే అంతట అమలు కాలేదు. అయినను బాలికల పేరు ఆ శాసనమున జేరుట గొప్ప విషయము. 1776లో నేరస్థులను చిత్రహింస పెట్టి నిజము రాబట్టు పద్ధతిని తన ఆస్ట్రియా దేశములలో మాన్పించెను.

మశూచికము ఆ యింటిని పీడించినంతగా శత్రువులును పీడింపలేదు. కొడుకొకడును, కూతుండ్రును, ఇరువురు కోడండ్రును దానిచే పోయిరి. 1767లో ఆమెకే అమ్మవారు పోసి చావు తప్పెను. ఆ యేడే నేపుల్సు రాజున కీయ నిశ్చయించిన పదునాఱేండ్ల కూతురు జోసెఫా మరణించెను. మఱియొక కూతురి ముఖము చెడిపోయెను. అంతట 1768లో ఆమె ఇంగ్లండునుండి ఇంగెన్‌హౌసు అను వైద్యుని రప్పించి తన బిడ్డలకు అంటు వేయించెను. జెన్నరు గారి గోమశూచికపు టీకా అప్పటికింకను లేదు. ఇది తేలికగా వచ్చిన రోగి బొబ్బనుండి తీసి యంటించు పాతపద్ధతి. పిమ్మట అంటు వేయించుకొన్న బాలబాలికలకు తన నగరులో విందు చేసి, తానే దగ్గఱ నుండి వడ్డించెనని చెప్పుదురు.

ఆమె దోషములను దాచుట ధర్మము కాదు. 1744లో ప్రేగు నగరమునుండి యూదులను వెడలగొట్ట నాజ్ఞాపించి, పసిపిల్లలతో వారిని చలికాలమున వీధిపాలు చేసెను. 1748లోగాని వారిని మఱల రానీయలేదు. 1772లో పోలండు దేశమును పంచుకొన్నవారిలో ఆమెయు నొకతె.

మఱియొక దోషము మన హృదయములకు మఱింత దగ్గఱ. తాను మనసిచ్చిన వరునినే 1736లో పెండ్లాడిన భాగ్యవతి ఆమె. భర్త 1765లో పోయిన పిమ్మట తల వెండ్రుకలు కత్తిరించుకొని, చనిపోవువఱకు నల్లని దుస్తులే ధరించెను. తమ దాంపత్యము ఎన్ని యేండ్లు, ఎన్ని నెలలు, ఎన్ని దినములు, ఎన్ని గంటలు సాగెనో లెక్కవేసి ప్రార్థనపుస్తకమున వ్రాసికొనెను. అట్టి స్త్రీ తన కూతుండ్రలో ఒక్క మరియా క్రిస్టీనాకు మాత్రమే కోరిన వరుని నిచ్చెను. జోసెఫా పోగానే, కుదిరిన సంబంధము చెడకుండ చెల్లెలు కరొలీనాను నేపుల్సునకు పంపెను. అమాలియా వేఱొకరిని కోరియుండగా బలవంతముగా 1769లో పార్మా ప్రభువునకు కట్టబెట్టెను. అందఱిలో చిన్నదియగు మారీ ఆంత్వానెతును పదునాలుగేండ్ల వయస్సున 1770లో ఫ్రాన్సు యువరాజున కిచ్చెను. పెండ్లి మాటలు సాగుచుండగా ఫ్రాన్సునుండి వచ్చిన యుపాధ్యాయుడు, ఆ పిల్లకు తిన్నగా వ్రాయుటయు రాదని కనుగొనెను. దేశమునకెల్ల బడులు పెట్టించిన తల్లి యింటిలో చివరి కూతురి చదువు అట్లుండెను. ఆ పిమ్మట ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసి తల్లి బుద్ధులు చెప్పెను. 1780 నవంబరు 29వ తేదీన ఆమె మరణించుటచే, 1793 అక్టోబరు 16వ తేదీన ఆ కూతురి శిరస్సు పారిసులో కత్తికెఱయగుట చూడకుండ బోయెను.

మరియా తెరీసా ముఖముతో, 1780 సంవత్సరపు ముద్రతో నున్న వెండినాణెము ఆమె పోయిన తరువాతను చిరకాలము ఎఱ్ఱసముద్రతీరముల వర్తకమున చెల్లుచుండెను. అచ్చటివారు వేఱొక నాణెమును నమ్మకుండుటచే 1940, 41 సంవత్సరములలో మన బొంబాయి టంకసాలయందును దానిని ముద్రించిరి.

వంశాంతము

తరువాతి కథ త్వరగా చెప్పెదము. నెపోలియను వియన్నాను రెండుసారులు పట్టుకొనెను. 1810లో చక్రవర్తి తన పదునెనిమిదేండ్ల కూతురు మేరీ లూయీజును అతనికే ఇచ్చి శాంతిని కొనెను. ఫ్రాన్సిసు జోసెఫు 1848 నుండి 1916 వఱకు అఱువదియెనిమిదేండ్లు పాలించెను. అతని భార్య యెలిజబెత్తు అతని తల్లికి చెల్లెలి కూతురు. మన వరుసలో వా రన్నాచెల్లెండ్రు, అచ్చట దంపతులైరి. వారి యొక్క కొడుకు 1889లో ప్రాణము తీసికొనెను. ఆమె 1898లో జెనీవాలో హత్య చేయబడెను. 1914 జూను 28వ తేదీన సరజేవో నగరమున యువరాజును అతని భార్య సోఫీయును తుపాకికి బలియైరి. రాజవంశపు పిల్ల కాదన్న కారణముచే సభలలో భర్త ప్రక్కన నిలుచుటకు సోఫీకి అర్హత లేకుండెను. చావు మాత్ర మిరువురను ప్రక్కప్రక్కనే కనెను. ఆ హత్యనుండి ప్రథమ ప్రపంచయుద్ధము పుట్టెను. 1918 నవంబరు 11వ తేదీన కడపటి చక్రవర్తి చార్లెసు రాజ్యవ్యవహారములనుండి తొలగెను. ఆస్ట్రియా ప్రజారాజ్యమైనది. అతని భార్య జీటా ఇరువదితొమ్మిదేండ్లకే విధవయై, ఎనమండుగురు బిడ్డలను ప్రవాసములో పెంచి, తొంబదియాఱేండ్లు జీవించి 1989లో పోయెను.

సోదరీమణులారా, ఈ దీర్ఘకథలో మాకు మిక్కిలి యుపయోగకరముగా తోచినది ఆఱవ చార్లెసు చేసిన పొరపాటు. అతడు కూతురికి హక్కు వ్రాసి యిచ్చెను. ఆ హక్కును కాపాడుకొను విద్య నీయలేదు. మన దేశమున 1956 నాటి చట్టము హిందూ స్త్రీకి తండ్రి స్వార్జితమున భాగమిచ్చినది. 1985 నుండి మన రాష్ట్రపు సవరణయు, 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణయు పిత్రార్జితమున కూతురిని కొడుకుతో సమానురాలిని చేసినవి. అయినను ఇంటి దస్తావేజు లెచ్చట నున్నవి, భూమి యే సర్వే సంఖ్యలో నున్నది, బ్యాంకులో నెంత యున్నది, అప్పెంత యున్నది అని కూతురికి చెప్పు తండ్రులు ఎందఱు? పెండ్లినాడు అన్నదమ్ముల మేలు కోరి సంతకము పెట్టుమన్నచో, చదువకయే పెట్టు పిల్ల లెందఱు? కాగితముపై నున్న హక్కు మూడు నెలలైన నిలువదని మరియా తెరీసా కథ చెప్పుచున్నది. కావున మన ఆడుపిల్లలను లెక్కల పుస్తకము ముందర కూర్చుండబెట్టుదము. వారి సంబంధము నిశ్చయించునపుడు వారి నోటి మాటను, వైద్యుని మాటను రెండింటిని విందము.

వచ్చు మాసమున రష్యా దేశము నేలిన రొమనోవు వంశమును గూర్చి వ్రాసెదము.